కనుమరుగగు వీథుల ఛాయాచిత్రములు

చరిత్ర యనగానే మన తలపునకు వచ్చునవి కోటలు, దేవాలయములు, శాసనములు, రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు. వీనిని కాపాడుటకు ప్రభుత్వ శాఖలు కలవు, చట్టములు కలవు, వివరించుటకు పండితులు కలరు. కాని సామాన్య మానవుని దినచర్యలో కోట యెన్నిమారులు ఎదురగును? ఉదయము లేచినది మొదలు అతనికి ఎదురగునది వీథి. వీథి మొగలోని కుళాయి, మలుపునందలి దీపస్తంభము, గోడకు తగిలించిన ఎఱ్ఱని తపాలాపెట్టె, బాటసారి కూలబడు అరుగు, ఊరి దూరము చెప్పు రాయి - ఇవియే అతని బ్రతుకునకు నిత్యము తోడుగా నుండునవి. వీనిపై శాసనము లేదు, శిల్పి పేరు లేదు. వీనిని నిలిపిన దినమున ఉత్సవము జరుగదు, తొలగించిన దినమున ఎవ్వరును గమనింపరు. పదియేండ్లు గడచిన పిదప మాత్రము, ఇచ్చట ఏదో యుండెడిదే యని తడుముకొందుము. అది యెట్లుండెడిదో చెప్పుమన్నచో నలుగురు నాలుగు విధములుగా చెప్పుదురు.

ఇట్టి వస్తువులను, అవి పోకముందే, ఛాయాచిత్రములలో పట్టి యుంచవలెనను ఆలోచన ఎచ్చట పుట్టినది, ఎట్లు సాగినది, దానివలన కలిగిన మేలేమి, అందున్న లోపమేమి అను విషయములను ఈ ప్రసంగములో పరిశీలింతము. ఈ కథకు ముఖ్యరంగము ఫ్రాన్సు దేశపు రాజధానియైన పారిస్ నగరము. కాలము పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధము.

1853వ సంవత్సరములో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్, ఓస్మాన్ అను అధికారిని పారిస్ నగరము చేరియున్న సెయిన్ మండలమునకు పాలకునిగా నియమించెను. అప్పటి పారిస్ నగర మధ్యభాగము నేడు మనము బొమ్మలలో చూచు విశాలనగరము కాదు. ఇరుకు సందులు, ఒకదానిపై నొకటి ఒరిగిన పాత ఇండ్లు, వీథి నడుమనే పారు మురికికాలువలు, వెలుతురు చొరని పెరళ్లు - ఇది దాని స్వరూపము. 1832లోను, 1849లోను కలరా వ్యాధి ఆ సందులలో మృత్యుతాండవ మొనర్చెను. 1830లోను, 1848లోను తిరుగుబాటు చేసిన ప్రజలు ఆ ఇరుకు వీథులకే అడ్డుకట్టలు కట్టి సైన్యముల నెదిరించిరి. గాలి, వెలుతురు, మంచినీరు కావలెనను కోరిక యొకటి. సైన్యము సులభముగా నడచు బాటలు కావలెనను జాగ్రత్త యొకటి. తన రాజధాని లోకమునకు మకుటాయమానముగా నుండవలెనను చక్రవర్తి అభిలాష యొకటి - ఈ మూడును కలిసి పలుగు పట్టినవి. 1870 జనవరిలో ఓస్మాన్ పదవి విడుచునాటికి పాత పారిస్‌లో పెద్దభాగము నేలమట్టమై, దాని స్థానమున తిన్నని రాజమార్గములు, ఉద్యానవనములు, భూగర్భ మురుగుకాలువలు వెలసినవి.

ఆ కూల్చివేతల నడుమనే నగరపాలకులకు మరియొక ఆలోచన కలిగినది. పోవుచున్న నగరమునకు చరిత్ర వ్రాయింపవలెనని వారు 1860 దశకములో ఒక చారిత్రక కార్యవిభాగమును ఏర్పరచిరి. కలముతో వ్రాసిన చరిత్ర చాలదు, కంటికి కనబడు సాక్ష్యము కూడ కావలెనని వారికి తోచెను. ఆ పని షార్ల్ మార్విల్ అను ఛాయాగ్రాహకుని చేతికి వచ్చినది.

మార్విల్ 1813లో పారిస్‌లోనే జన్మించెను. అతని అసలు ఇంటిపేరు బొస్సు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు గూనివాడని యర్థము. యౌవనమున అతడు ఆ పేరు విడిచి మార్విల్ అను పేరు పెట్టుకొనెను. మొదట పుస్తకములకు బొమ్మలు వేయు చిత్రకారుడు. 1850 ప్రాంతమున అప్పటికి క్రొత్తవిద్యయైన ఛాయాగ్రహణమునకు మరలెను. 1862 నాటికి పారిస్ నగర ఛాయాగ్రాహకుడను బిరుదు అతనికి లభించినది. ఆ దశకపు ఉత్తరభాగమున, కూలనున్న వీథుల పట్టికను చేతబట్టుకొని, ఒక్కొక్క సందునకు పోయి, 425 చిత్రములు తీసెను. ఒక నగరము తన్ను తాను కూల్చుకొనుచు, ఆ కూలుచున్న రూపమును అంత క్రమముగా పట్టించి యుంచుట అంతకుముందు ఎరుగని విషయము.

నేటి పిల్లవాడు జేబులోని ఫోనును తీసి క్షణములో పది చిత్రములు తీయగలడు. మార్విల్ పని అట్టిది కాదు. ఆనాడు వాడుకలో నున్నది తడిపలక పద్ధతి. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును పూసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, అది తడిగా నున్నప్పుడే కెమెరాలో నుంచి చిత్రము తీయవలెను; తడి ఆరకమునుపే చీకటిగుడారములో దానిని కడిగి బయటపెట్టవలెను. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను. ఆరినచో పలక వ్యర్థము. కనుక కెమెరా, ముక్కాలిపీట, గాజుపలకలు, రసాయనముల సీసాలు, గుడారము - అన్నిటిని బండిపై వేసికొని సందుసందునకు తిరుగవలసి యుండెను. ఆ పలకనుండి కాగితముపైకి ప్రతి తీయుటకు కోడిగ్రుడ్ల తెల్లసొన పూసిన కాగితమును వాడుచుండిరి.

ఆ చిత్రములలో కానవచ్చునదేమి? గొప్ప భవనములు కావు. వానకు తడిసి మెరయు రాతిపలకలు, వీథి నడుమ పారు సన్నని నీటిధార, బండిచక్రములు తగిలి గోడ పగులకుండ మూలలందు పాతిన గుండ్రాళ్లు, గోడనుండి ముందుకు చాచిన ఇనుపకొమ్మకు వ్రేలాడు లాంతరు, అంగడుల పేరుపలకలు, చినిగిన ప్రకటనలు. ఇంజనీరు పటములో ఇవి యుండవు. పన్నులలెక్కలో ఇవి యుండవు. రోజును ఆ దారిన నడచినవారు సైతము వానిని గూర్చి యెవ్వరికిని ఉత్తరము వ్రాసియుండరు. కెమెరా యొక్కటియే వానిని లెక్కలోనికి తెచ్చినది.

ఈ చిత్రములలో ఒక వింత కలదు. నగరము జనసమ్మర్దముతో కిటకిటలాడినను, మార్విల్ వీథులు నిర్మానుష్యముగా కనిపించును. కారణము సులభము. పలకపై బింబము నిలుచుటకు కొంతకాలము పట్టును. ఆలోపున నడచిపోవు మనిషి, కదలిపోవు బండి ముద్ర పడక మాయమగుదురు. కదలక నిలుచున్నవాడు మాత్రము మిగులును. సగము కదలినవాడు పొగవలె కనబడును. రాయి మిగిలినది, మనిషి పోయినాడు. ఇది విద్యలోని లోపమే గాని, తరువాత చెప్పబోవు విషయమునకు దీనికిని సంబంధము కలదు.

మార్విల్ పాతవానితో నిలువలేదు. క్రొత్తగా నగరములో నెలకొల్పిన వస్తువులను కూడ ఒక్కొక్కటిగా చిత్రించెను. వాస్తుశిల్పి గాబ్రియేల్ దావియు రూపొందించిన దీపస్తంభములు, బల్లలు, అంగడిగూళ్లు ఆనాడు నగరమునకు క్రొత్త అలంకారములు. 1870 దశకము నాటికి పారిస్ వీథులలో ఇరువదివేలకు పైబడి గ్యాసుదీపములు వెలుగుచుండెను. మార్విల్ ఆ దీపస్తంభములలో సుమారు తొంబదింటిని, మనుష్యులకు చిత్తరువులు తీసినట్లే, నిలువెత్తుగా తీసెను. బహిరంగ మూత్రశాలలను కూడ అతడు విడువలేదు. వానికి ఫ్రెంచివారు, మూత్రముపై పన్ను విధించిన రోమక చక్రవర్తి వెస్పాసియన్ పేరు తగిలించియుండిరి. ఆనాడు అవి నగరాభివృద్ధికి చిహ్నములు. నేడు అట్టి పాతకాలపు ఇనుప మూత్రశాల పారిస్ వీథులలో ఒక్కటి మాత్రమే మిగిలియున్నది. గ్యాసుదీపములకు బదులు విద్యుద్దీపములు వచ్చినవి. క్రొత్తదని గర్వముగా చూపిన వస్తువే నూరేండ్లలో పాతదై, తానును చిత్రమునందే మిగిలినది. ఏది ముందు పోవునో తీయునాడు తెలియదు. ఆ నాటి ఉద్యోగులలో ఎవ్వడైనను, మూత్రశాలకు చిత్రమేల యని ఖర్చు కొట్టివేసియున్నచో, ఈనాడు ఆ వీథి స్వరూపమును పూర్తిగా ఊహించుటకు మనకు ఆధారము చాలకపోయెడిది.

ఇప్పుడు ఈ కథలోని చిక్కును చూతము. మార్విల్‌కు జీతమిచ్చినది ఎవరు? కూల్చుచున్నవారే. 1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకై నగరపాలకులు పాత వీథుల చిత్రములను, వాని స్థానమున వెలసిన రాజమార్గముల చిత్రములను ప్రక్కప్రక్కన చూపింపదలచి, క్రొత్త వీథులను గూడ మార్విల్ చేతనే తీయించిరి. చూచువారు, ఎంత చీకటి యుండెడిది, ఎంత వెలుగు వచ్చినది యని మెచ్చవలెనని వారి యుద్దేశ్యము. అనగా చిత్రము స్మారకచిహ్నము మాత్రమే కాదు. కూల్చినవారి పక్షమున పలికిన సాక్షి కూడ. ఆ చీకటి సందులలో కాపురమున్నవారు ఎటు పోయిరను ప్రశ్న ఆ ప్రదర్శనములో లేదు. వారిలో చాలమంది అద్దెలు భరింపలేక నగరపు అంచులకు తరలిపోయిరి. అయితే మార్విల్ కెమెరా అక్కడకు కూడ పోయినది. షాంప్లేన్ వీథి ఎగువభాగమున పలకలతో, తుక్కుతో కట్టుకొన్న గుడిసెలను అతడు చిత్రించెను. ఉద్యోగధర్మము ఒకటైనను, కన్ను అంతకన్న ఎక్కువ చూచినది. చిత్రము తీయించినవాని ఉద్దేశ్యముతో చిత్రముయొక్క అర్థము ముగిసిపోదనుటకు ఇది నిదర్శనము.

ఇట్టి పనులే ఇంచుమించు అదేకాలమున బ్రిటనులోను జరిగినవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరములో, 1866 నాటి చట్టము ననుసరించి పేదల ఇరుకు వాడలను తొలగించుటకు పూనుకొన్న నగరసంస్థ, థామస్ ఆనన్ అను ఛాయాగ్రాహకుని చేత 1868-71 సంవత్సరముల నడుమ ఆ వాడలను తీయించినది. లండనులో పద్ధతి వేరు. అక్కడ సెయింట్ పాల్ దేవాలయమునకు సమీపమున ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అను పాత సత్రమును కూల్చనున్నారని తెలిసి, కొందరు పౌరులు 1875లో పాత లండను అవశేషములను ఛాయాచిత్రములలో భద్రపరచు సంఘమును స్థాపించిరి. 1886 వరకు వారు 120 చిత్రములను వెలువరించి చందాదారులకు పంచిరి. సత్రము దక్కలేదు, చిత్రములు దక్కినవి. పారిస్‌లో, గ్లాస్గోలో కూల్చువారు తీయించిరి. లండనులో కూలుటను చూడలేనివారు తీయించిరి. ఫలితము మాత్రము ఇంచుమించు సమానము. చిత్రము వస్తువును రక్షింపలేదు, వస్తువును గూర్చిన నిజమును మాత్రము రక్షించినది. ఈ భేదమును మరువరాదు. చిత్రము తీసితిమి గనుక ఇక కూల్చవచ్చునని తృప్తిపడుట యొక ఆత్మవంచన.

మార్విల్ 1879లో మరణించెను. అతని పని మరియొకని చేతిలో వేరురూపము దాల్చినది. అతడే యూజెన్ అట్జే. 1857లో జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, నావికుడై, నటుడై, రెండింటను నిలద్రొక్కుకొనలేక ముప్పదియేండ్లు దాటిన పిదప కెమెరా పట్టినవాడు. చిత్రకారులకు కావలసిన ఆధారచిత్రములు అమ్మి జీవించుచు, 1890 దశకపు చివరినుండి పాత పారిస్‌ను తీయుట వ్రతముగా పెట్టుకొనెను. తలుపు గొళ్లెములు, మెట్లకటకటాలు, అంగడిముఖములు, నూతులు, బండ్లు, వీథి వర్తకులు - ఏదియు అతనికి అల్పము కాలేదు. అతనికి ప్రభుత్వోద్యోగము లేదు. బరువైన కెమెరాను మోసికొని తెల్లవారుజామున బయలుదేరెడివాడు. 1920లో రెండువేల ఆరువందలకు పైగా గాజుపలకలను ఫ్రెంచి ప్రభుత్వమునకు పదివేల ఫ్రాంకులకు విక్రయించెను. 1927లో అతడు మరణించిన తరువాత, అమెరికా యువతి బెరెనిస్ అబట్ మిగిలిన సంచయమును కొని కాపాడకున్నచో అతని పేరు ఇంతమందికి తెలిసియుండెడిది కాదు. ఆమె స్వయముగా 1935-39 నడుమ న్యూయార్కు నగరపు మారుచున్న వీథులను చిత్రించి, గురువునకు తగిన శిష్యురాలనిపించుకొనెను. చిత్రము తీయుట ఎంత ముఖ్యమో, తీసినదానిని ఒకరు దాచుట అంత ముఖ్యము.

దాచుట యననేమో పారిస్‌వారికి ఒక చేదు అనుభవము నేర్పినది. 1871 మే నెలలో, కమ్యూన్ తిరుగుబాటు చివరి దినములలో, నగరమందిరము అగ్నికాహుతి యైనది. నగర గ్రంథాలయము, 1860కి పూర్వపు జననమరణముల పుస్తకములు అందు నశించినవి. నగర చరిత్రను పదిలపరచిన మార్విల్ జన్మవృత్తాంతమే ఈ కారణమున బహుకాలము మబ్బుమాటున నుండిపోయినది. ఒక్కచోట నున్నది ఒక్కపూటలో పోవును.

మన నేలకు వత్తము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. అటుపిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు వాడలను తొలగించి, వెడల్పు బాటలు, క్రొత్త ఇండ్లు నిర్మించినది. పారిస్ కథ ఇచ్చటను చిన్నయెత్తున జరిగినది. అప్పటికే హైదరాబాదులో ఛాయాచిత్రకళకు గొప్ప పేరు కలదు. రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించువరకు నిజాము కొలువున తీసిన చిత్రములు లోకప్రసిద్ధములు. కాని వానిలో ఎక్కువభాగము సౌధములవి, దర్బారులవి, వేటలవి, ప్రముఖులవి. వాడలోని నూతికి, సందు మొగలోని దీపమునకు అట్టి గౌరవము దక్కలేదు. ఆ లోటును కొంత తీర్చినది కెమెరా కాదు, పటము. 1910 దశకములో లెనర్డ్ మన్ ఆధ్వర్యమున జరిగిన నగర సర్వే పటములలో సందులు, గోడలు, నూతులు సైతము గుర్తింపబడినవి. ఆనాటి హైదరాబాదు నడకదారులను తెలిసికొనగోరువారికి నేడు అవి పెన్నిధి. పదుమూడు నగరద్వారములలో పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే నిలిచియున్న ఊరిలో, పోయినవాని చోటు చెప్పుటకు అట్టి ఆధారములే గతి.

మన కండ్లయెదుట మాయమైనవి ఎన్ని! 1956 నాటి తూనికలు, కొలతల చట్టము తరువాత మన రహదారులపై మైళ్లరాళ్లు తొలగి కిలోమీటరు రాళ్లు వచ్చినవి. మైలురాయి యను మాట నేటికిని మన నోట నున్నది. రాయి మాత్రము లేదు. 2013 జూలైలో తంతి సేవ ముగిసినది. పసుపుపచ్చని పలకతో సందుసందున వెలసిన టెలిఫోను బూతులు ఒక్క తరములోనే వచ్చి, ఒక్క తరములోనే పోయినవి. రేడియో కుటుంబములకు చెందిన మనకు మరియొకటి జ్ఞాపకము రావలెను. ఇంటింట రేడియో లేని దినములలో పురపాలకసంఘములు ఉద్యానవనములలో రేడియో నుంచి, స్తంభముపై లౌడుస్పీకరు అమర్చి, సాయంకాలము ప్రజలకు వార్తలు, సంగీతము వినిపించెడివి. కూలిపని ముగించుకొన్నవాడును, పింఛను పుచ్చుకొన్న పెద్దయును ఒకే బల్లపై కూర్చుండి వినెడివారు. ఆ ధ్వనులలో కొన్ని ధ్వనిముద్రికలలో నున్నవి. ఆ చోటుయొక్క చిత్రములు ఎన్ని ఊళ్ల పురపాలక కార్యాలయములలో దొరకును?

నేడు కెమెరా లేని ఇల్లు లేదు. తీయుచున్న చిత్రములకు లెక్క లేదు. కాని వానిలో వివాహములు, విందులు, యాత్రలు, మన ముఖములే అధికము. మన వెనుక నిలిచిన వీథి అనుకోకుండ పడినచో పడినట్లు. ఈ పరిస్థితిలో మార్విల్ పద్ధతి మనకు ఆచరణీయము. వస్తువును సొగసుగా గాక సంపూర్ణముగా తీయవలెను. ఎదురుగా నిలిచి ఒకటి, పరిసరములతో కూడ ఒకటి, పోతపోసినవారి పేరుగాని తేదీగాని చెక్కియున్నచో దగ్గరనుండి ఒకటి. ప్రక్కన ఒక మనిషి నిలుచున్నచో ఎత్తు తెలియును. అంతకన్న ముఖ్యముగా, దానిని వాడినవారెవరో తెలియును. మార్విల్ పలకపై నిలువలేని మనిషిని మనము నిలుపగలము. కుళాయి వద్ద బిందె పట్టుకొన్న ఇల్లాలు, తపాలాపెట్టె తాళము తీయు ఉద్యోగి చిత్రములో నున్నప్పుడే అది వీథి యగును. అయితే వారిని అడిగి తీయుట మర్యాద.

చిత్రము తీసిన వెంటనే ఊరు, వీథి, తేదీ, ఏ దిక్కునుండి తీసినది వ్రాయవలెను. వ్రాతలేని చిత్రము పేరులేని శిశువు వంటిది. ఇరువదియేండ్ల తరువాత అది ఎవరిదో చెప్పువారుండరు. అటుపిమ్మట ప్రతులు కనీసము రెండు చోట్ల నుండవలెను. ఫోను పగిలినను, ఇంటిలోని పెట్టెకు చెదలు పట్టినను, పాఠశాలలోనో గ్రంథాలయములోనో ఉన్న ప్రతి మిగులును. ఊరి చరిత్ర వ్రాయు ఉపాధ్యాయునకు, పాత బాట హద్దు నిర్ణయింపవలసిన ఇంజనీరునకు, తాతగారి ఊరు చూడవలెనని దూరదేశమునుండి వచ్చిన మనుమనికి అది ఆధారమగును.

కుళాయి పోవలదని, దీపము మారవలదని మనము కోరుటలేదు. ఇంటింటికి మంచినీరు వచ్చుట మేలే. సందున వెలుతురు హెచ్చుట మేలే. పారిస్ సందులలో కలరాతో మరణించినవారు ఆ సందులు నిలువవలెనని కోరియుండరు. కాని మార్పు మంచిదని నిర్ణయించుటకైనను, చెడ్డదని నిందించుటకైనను, ముందున్నది ఏదో నిజముగా తెలియవలెను. తెలియనప్పుడు గెలిచినవారి మాటయే చరిత్రయగును. మీ వీథిలో నేడున్న వస్తువులలో ఏది రాబోవు పదియేండ్లలో ఉండదో ఒక్క సాయంకాలము నడచి చూడుడు. దానిని తీసి, క్రింద నాలుగు మాటలు వ్రాసి, ఇంటి పెద్దలచేత చదివించి సరిచూచుకొనుడు. ఆ వ్రాత మీ ఊరి చరిత్రలో మొదటి పుట కావచ్చును.